పెద్ద చక్రమే సుఖమన్న మాట నిజం కాదు

ఒడిశాలోని కోరాపుట్, జయపురం, రాయగడ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక సందేశం తిరుగుతోంది. మధ్యలో ఒకే చక్రం, దానికి రెండు పక్కలా కాళ్లు పెట్టుకునే పెడళ్లు ఉండే ఎలక్ట్రిక్ యూనిసైకిల్ గురించి అది. "ఆఫీసుకు వెళ్లి రావడానికి కొనేవాళ్లు అన్నిటికంటే పెద్ద చక్రం, పెద్ద బ్యాటరీ ఉన్నదే కొనండి. ఒక్క ఛార్జికి 120 కిలోమీటర్లు వస్తుంది. ఎలాంటి ఘాట్ రోడ్డైనా ఎక్కుతుంది. సస్పెన్షన్ ఉంటే గుంతలే తెలియవు. జైరోస్కోప్ ఉంది కనుక పడే ప్రసక్తే లేదు. లైసెన్సు అక్కర్లేదు." జయపురంలో ఉంటున్న మా పిన్ని కొడుకు ఇది నాకు పంపి, "అన్నయ్యా, అప్పు చేసైనా పెద్దదే తీసుకుంటాను" అన్నాడు.

వాడి ఆఫీసు ఇంటికి ఆరు కిలోమీటర్లు. ఉండేది లిఫ్టు లేని రెండో అంతస్తు. నేను సునాబేడ దగ్గర ఒక టౌన్‌షిప్ లోపలి రోడ్ల మీద రెండేళ్లుగా 16 అంగుళాల చిన్న బండి నడుపుతున్నాను. నా సహోద్యోగి దగ్గర ఉన్న పెద్దదాన్ని కూడా చాలాసార్లు నడిపాను. ఆ సందేశంలో అక్కడక్కడ నిజం ఉంది. జనం నమ్ముతున్నది అందుకే, నేను రాయవలసి వచ్చిందీ అందుకే.

ముందు బరువు సంగతి, ఎందుకంటే సందేశంలో ఆ ఊసే లేదు. ఈ బండ్లలో చిన్న మోడలైన ఇన్‌మోషన్ వీ8 దాదాపు 14 కిలోలు. అదే కంపెనీది, సస్పెన్షన్ ఉన్న వీ11 27 కిలోలు. ఇంకా పెద్దవైన కింగ్‌సాంగ్ ఎస్22, వెటరన్ షెర్మన్ చెరొక 35 కిలోలు. దారి మీద ఈ బరువు తెలియదు, పైగా పెద్ద బండి మరింత నిలకడగా పోతుంది. తెలిసేది మెట్ల దగ్గర. మా సహోద్యోగి ఇంటికి వెళ్లినప్పుడు వీ11ను ఒకసారి నేనే పైకి మోశాను. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో మెట్ల కమ్మీ పట్టుకుంటే ప్రతి మెట్టుకూ పెడలు అంచు మోకాలి కింద ఎముకకు తగిలేది. ఆరు కిలోమీటర్ల ప్రయాణం ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఆ మెట్లు మాత్రం రోజుకు రెండుసార్లు, ఏడాది పొడుగునా ఉంటాయి.

120 కిలోమీటర్లన్నది వీ11కు తయారీదారు ప్రకటించిన దూరం. అబద్ధమని అనను. తేలికైన మనిషి, చదునైన రోడ్డు, నెమ్మదైన ఒకే వేగం ఉంటే వచ్చే అంకె అది. మామూలుగా నడిపితే కిలోమీటరుకు 15 నుంచి 25 వాట్-అవర్లు (బ్యాటరీలోని విద్యుత్తుకు కొలత) ఖర్చవుతాయి. వీ11 బ్యాటరీ 1500 వాట్-అవర్లు. ఇరవై చొప్పున లెక్క వేస్తే 75 కిలోమీటర్లు, అదీ చివరి చుక్క వరకూ వాడితే. ఇక ఘాట్ రోడ్డు. సాలూరు నుంచి కోరాపుట్‌కు 700 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కాలి. మనిషీ బండీ కలిపి వంద కిలోలైతే, ఆ ఎత్తుకు చేర్చడానికే 190 వాట్-అవర్లు కావాలి. మోటారులో వేడిగా పోయేది, దారి ఖర్చు వేరు. వీ8లో ఉన్నదే 480. మా తమ్ముడికి ఆరు కిలోమీటర్లకు ఇదంతా అవసరమే లేదు. చిన్న బ్యాటరీతోనే రానూ పోనూ సరిపోయి ఇంకా మిగులుతుంది.

సస్పెన్షన్ విషయంలో సందేశానికి కొంత న్యాయం చేయాలి. 2020లో వచ్చిన వీ11, కింగ్‌సాంగ్ ఎస్18లతో ఈ బండ్ల మీద ప్రయాణం మారిపోయింది. గతుకుల రోడ్డు మీద ఆ తేడా నా మోకాళ్లకు తెలుసు. అయితే అది మన బరువుకు తగ్గట్టు సరిచేసుకుంటేనే పని చేస్తుంది. సరిచేయకపోతే కర్రలా బిగుసుకుని ఉంటుంది, లేదా ప్రతి గుంతకూ అడుగుకు కొట్టుకుంటుంది. పైగా పెద్దదంటే సస్పెన్షన్ ఉన్నదని కాదు: 3200 వాట్-అవర్ల మొదటి షెర్మన్‌కు అది లేనే లేదు. చిన్న బండికి టైరులో గాలి కొంచెం తగ్గించి, మోకాళ్లు వంచి నిలబడితే టౌన్‌షిప్ రోడ్లకు చాలు. మొదటి నెలలో పాదాలు మండిపోతాయి, అది ఏ బండికైనా తప్పదు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించిన మాట "పడే ప్రసక్తే లేదు" అన్నది. బండిలోని జైరోస్కోప్ లాంటి సెన్సర్లు ముందుకూ వెనక్కూ తూగకుండా మాత్రమే చూస్తాయి. పక్కలకు ఒరగకుండా చూసుకోవలసింది సైకిలు మీద లాగే మనం. ముందుకు వంగినప్పుడు మోటారు చక్రాన్ని మన కిందికి తోస్తుంది, అందుకే నిలబడి ఉంటాం. వేగం పెరిగేకొద్దీ తిరిగే మోటారే ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. ఛార్జి తగ్గేకొద్దీ బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది. ఆ రెండూ కలిసిన చోట గట్టిగా ముందుకు వంగితే మోటారుకు తోసే శక్తి ఉండదు, పెడళ్లు ముందుకు కూలిపోతాయి, మనిషి ముఖం మీద పడతాడు. బీప్ మోగినా, పెడళ్లు వెనక్కి లేచినా వేగం తగ్గించమని అర్థం.

మనలాంటి కొండ ప్రాంతాల వాళ్లకు ఇంకొకటి చెప్పాలి. దిగుడులో బ్రేకు వేస్తే మోటారు కరెంటు పుట్టించి బ్యాటరీకి తిప్పి పంపుతుంది. నిండా ఛార్జి చేసిన బ్యాటరీలో దానికి చోటు ఉండదు. మా క్వార్టర్లు ఎత్తు మీద ఉన్నాయి. కొత్తలో ఒక ఉదయం పూర్తి ఛార్జితో దిగుతుంటే సగం వాలులోనే బీప్ మొదలై పెడళ్లు వెనక్కి లేచాయి. బండి తప్పు కాదు, అది చేయవలసిన హెచ్చరికే చేసింది. రోడ్డు పక్కన గడ్డిలోకి దిగిపోయి, వాలు అయ్యే వరకు నడిపించుకుంటూ వెళ్లాను. అప్పటి నుంచి ఎనభై శాతం దగ్గరే ఛార్జరు తీసేస్తున్నాను. శిరస్త్రాణం, మణికట్టు కవచాలు లేకుండా ఎక్కడం మానేశాను.

ఇక లైసెన్సు. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరించిన బ్యాటరీ బండికే లైసెన్సు నుంచి మినహాయింపు. వీ11 మోటారు 2200 వాట్లు. వీ8 కూడా గంటకు 30 కిలోమీటర్లు పోతుంది. అందుకే నేను మా టౌన్‌షిప్ గేటు దగ్గర దిగి, బజారు వరకు ట్రాలీ హ్యాండిల్ పట్టుకుని నడిపించుకుంటూ వెళ్తాను. మా తమ్ముడి ఇంటికీ ఆఫీసుకూ మధ్య ఉన్న ఆరు కిలోమీటర్లూ ప్రభుత్వ రోడ్డే.