సిస్టమ్ రీస్టోర్ మీ ఫైళ్లను వెనక్కి తేదు

పుస్తకాలు టైపు చేసి పేజీలు కట్టే మా డీటీపీ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తిరుగుతోంది. "గూగుల్ డ్రైవ్ ఉంటే బ్యాకప్ దండగ. ఫైలు పాడైతే సిస్టమ్ రీస్టోర్ నొక్కండి, నిన్నటి స్థితికి వచ్చేస్తుంది. డిలీట్ అయినా రికవరీ సాఫ్ట్‌వేర్ తెచ్చేస్తుంది. హార్డ్ డిస్కులకు డబ్బు తగలెయ్యకండి." దీన్ని నమ్మి ఎవరి పుస్తకమో, ఎవరి పెళ్లి ఆల్బమో పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

ముందు సిస్టమ్ రీస్టోర్ సంగతి. పేరు చూసి చాలామంది పొరబడతారు. అది వెనక్కి తిప్పేది విండోస్ సొంత ఫైళ్లను, రిజిస్ట్రీని (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు), ప్రింటర్ లాంటివాటిని నడిపే డ్రైవర్లను, ప్రోగ్రాములను. కొత్త ప్రింటర్ డ్రైవర్ వేశాక కంప్యూటర్ మొరాయిస్తే అది అక్కరకొస్తుంది. మీ డాక్యుమెంట్లను, ఫొటోలను మాత్రం ముట్టుకోదు. నిన్న పాడైన ఫైలు, రీస్టోర్ అయ్యాక కూడా పాడైనట్టే ఉంటుంది. ఫైళ్ల పాత రూపాలు కావాలంటే విండోస్‌లో ఫైల్ హిస్టరీ అని వేరే ఉంది. దాన్ని ముందే ఆన్ చేసి, వేరే డిస్కు చూపించి ఉండాలి. ఫైలు పోయాక ఆన్ చేస్తే లాభం లేదు.

ఇక గూగుల్ డ్రైవ్. సింక్ అయ్యే ఫోల్డర్, అంటే ఇక్కడి మార్పు ఆన్‌లైన్‌లోనూ దానంతటదే జరిగిపోయే ఫోల్డర్, అద్దం లాంటిది. మీరు మంచి చేసినా చెడు చేసినా అదే చూపిస్తుంది. నాకిది ఒక కవితా సంపుటి నేర్పింది. ఒక రాత్రి నిద్రమత్తులో వేరే ఫైలును దాని పేరుతోనే సేవ్ చేశాను. కాసేపటికే ఆన్‌లైన్‌లోనూ, ఇంట్లో ల్యాప్‌టాప్‌లోనూ ఆ తప్పుడు ఫైలే కూర్చుంది. రెండు నెలల తర్వాత కవిగారు రెండో ముద్రణ కోసం ఫోన్ చేస్తే గానీ నాకు తెలియలేదు. అచ్చయిన పుస్తకం ఎదురుగా పెట్టుకుని, పదకొండు రాత్రులు మళ్లీ టైపు చేశాను.

పాత వెర్షన్లు ఉంటాయి కదా అంటారు. ఉంటాయి, కొన్నాళ్లు. పేజ్‌మేకర్, ఫొటోషాప్ లాంటి ఫైళ్ల పాత వెర్షన్లను గూగుల్ డ్రైవ్ మామూలుగా 30 రోజులో, 100 వెర్షన్లో దాటితే తీసేస్తుంది. ట్రాష్‌లో పడినవీ 30 రోజులే. నేను కనిపెట్టింది రెండు నెలలకు!

రికవరీ సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క మాట. పాత హార్డ్ డిస్కుల్లో అదృష్టం బాగుంటే కొన్ని దొరుకుతాయి. ఇప్పటి కంప్యూటర్లలో హార్డ్ డిస్కు బదులు వచ్చే ఎస్‌ఎస్‌డీల్లో ట్రిమ్ అనే ఏర్పాటు ఉంటుంది, డిలీట్ చేసిన చోటును అదే ఖాళీ చేసేస్తుంది. అక్కడ ఆశ పెట్టుకోకండి.

హార్డ్ డిస్కు దండగ కాదు గానీ, దాన్ని ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉంచితే సగం ప్రయోజనం పోయినట్టే. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అలాంటివి ఫైళ్లకు తాళం వేయడమే కాదు, విండోస్ దాచుకున్న పాత కాపీలను (షాడో కాపీలు) కూడా తుడిచేస్తాయి. తగిలించి ఉన్న డిస్కునూ వదలవు. పని అయ్యాక డిస్కు తీసి బీరువాలో పెట్టండి.

బ్యాకప్ తీస్తున్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లకు గిట్‌ల్యాబ్ సంగతి చెప్పాలి. ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ కోడ్ దాచుకునే ఆన్‌లైన్ సంస్థ అది. 2017 జనవరి 31న అక్కడ ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌ను తుడిచేశాడు. రోజూ జరుగుతోందనుకున్న బ్యాకప్ కోసం చూస్తే ఏమీ లేదు. బ్యాకప్ తీసే ప్రోగ్రాముకూ డేటాబేస్‌కూ వెర్షన్ తేడా ఉండడం వల్ల అది ఫెయిలవుతూ వచ్చింది, ఆ హెచ్చరిక మెయిళ్లూ ఎవరికీ చేరలేదు. చివరికి వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన కాపీ ఆదుకుంది. అంత పెద్ద సంస్థకే ఆ టెన్షన్ తప్పలేదు.

అందుకే ఇప్పుడు ప్రతి ఆదివారం ఒక పాత ఫైలును బ్యాకప్ డిస్కు నుంచి వేరే ఫోల్డర్‌లోకి తెచ్చి తెరిచి చూస్తున్నాను. అసలు ఫైలు మీదకు ఎప్పుడూ తేను. మొదటి ఆదివారమే ఒకటి బయటపడింది: ఫైలు చక్కగా వచ్చింది, కానీ వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చి గీతలు. మేం తెలుగు టైపుకు వాడే అను ఫాంట్లను బ్యాకప్‌లో పెట్టడం మర్చిపోయాను. ఇప్పుడు ఫాంట్ల ఫోల్డర్ కూడా ఆ డిస్కులోనే ఉంటోంది.