193 కిలోమీటర్ల ఇసుక, 18 గుంతలు

సముద్రం ఒడ్డున సెలవులు గడుపుతూ గోల్ఫ్ ఆడాలంటే ఎక్కడికెళ్లాలి అని ఏ జాబితా తిరగేసినా స్కాట్లాండు, కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్, మారిషస్, ఇవే. శ్రీకాకుళం జిల్లా పేరు ఒక్కచోటా కనబడదు. ఉత్తరాంధ్రకి జరుగుతున్న అన్యాయాల్లో ఇది సరికొత్తది. వలసల గురించి, వంశధార నీళ్ల గురించి అరిచి అరిచి నోళ్లు పడిపోయాయి కానీ గోల్ఫ్ గురించి ఒక్క నాయకుడైనా ఒక వినతిపత్రం ఇచ్చిన పాపాన పోలేదు. పక్కనే విశాఖలో బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ గోల్ఫ్ క్లబ్బుంది. మనకేం తక్కువ? ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా 193 కిలోమీటర్ల తీరం, రాష్ట్రంలో ఇంకే జిల్లాకీ ఇంత లేదు.

అసలు ఈ ఆట పుట్టిందే మనలాంటి నేల మీద. స్కాట్లాండు తీరంలో సముద్రానికీ పొలాలకీ మధ్య నాగలికి పనికిరాని ఇసుక భూములుంటాయి, వాటిని లింక్స్ అంటారు. గాలికి ఇసుక దిబ్బలు కట్టింది, ఆ గాలికి తాళలేక గొర్రెలు దిబ్బల చాటున ముడుచుకుని పడుకుని పడుకుని పల్లాలు చేశాయి, ఆటలో బంతికి అడ్డుపడే ఆ ఇసుక పల్లాలనే ఇవాళ బంకర్లంటున్నారని చెప్తారు. ఇసుక మనకీ ఉంది, గాలి మనకీ ఉంది, గొర్రెలూ ఉన్నాయి. లేనిదల్లా గుంతల్లో పాతే జెండాలే.

కళింగపట్నంతో మొదలుపెడదాం. లైట్‌హౌసు వీపు వెనక ఉండేలా నిలబడి వంశధార మొగ వైపు బంతి కొట్టాలి. ఇక్కడి ప్రత్యేకత ఏమిటంటే, స్కాట్లాండు కోర్సులో బంకర్ ఎక్కడుందో మ్యాపులో ఉంటుంది, ఇక్కడ పోయినేడు నీళ్లున్నచోట ఈ ఏడు ఇసుక తిన్నె ఉంటుంది, వచ్చే ఏడు సంగతి నదికే తెలియాలి. కోర్సు డిజైనుకి విదేశీ ఆర్కిటెక్టుని పిలిచి కోట్లు పోయాల్సిన పని లేదు, 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, అన్నీ అక్టోబరులోనే, నయాపైసా ఫీజు తీసుకోకుండా వచ్చి చేసిపెట్టాయి. ఒక్క చిక్కుంది. బంకర్లో పడ్డ బంతిని కొట్టేముందు కర్రని బంతి వెనకాల ఇసుకకి ఆనించకూడదని రూలు. మన దగ్గర ఊరి చివర నుంచి అల దాకా బంకరే. అంటే ఆటగాడు పొద్దున్న కర్ర పైకెత్తితే సాయంత్రం దాకా దింపడానికి లేదు.

ఈ ఆట ఎలా ఆడతారో ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకి ఓపిగ్గా వివరించాను. 14 కర్రలు మించి తీసుకెళ్లకూడదు, బంతి 4.25 అంగుళాల గుంతలో పడాలి, అలా పద్దెనిమిది గుంతలు. ఆయన వల పక్కన పెట్టకుండానే అంతా విన్నాడు. "ఏటి బాబూ, తాము కొట్టీసింది తామే ఎదుక్కోవాలేటి? ఇంటికాడ పనేటీ నేదా?" అన్నాడు. ప్రజల్లో అవగాహన కల్పించాల్సిన అవసరం ఎంత ఉందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఉద్దానం వైపు వెళ్తే ఆట ఇంకా రసవత్తరం. జీడితోటల్లో కొమ్మలు నేలకి వాలి ఉంటాయి, బంతి లోపలికి దొర్లిందంటే మీరూ దొర్లుకుంటూ వెళ్లాల్సిందే. మార్చి, ఏప్రిల్ నెలల్లో, అంటే పిక్కలు రాలే రోజుల్లో, ఖరీదైన బూట్లేసుకుని చెట్టు కింద వంగి దేన్నో వెతుకుతున్న మనిషిని కాపలావాడు ఏ దృష్టితో చూస్తాడో చెప్పక్కర్లేదు. పోయిన బంతిని వెతకడానికి రూలు ప్రకారం మూడు నిమిషాలు. కాపలావాడు అంతసేపు ఇవ్వడు. మొగలి పొదలో పడితే మాత్రం ఒక్క నిమిషం కూడా వెతక్కండి, కొత్త బంతి కొనుక్కోండి.

బారువలో ఆడేవాళ్లకి మరో జాగ్రత్త. పర్యాటకులకి హాయిగా ఉండే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలే ఆలివ్ రిడ్లే తాబేళ్లకి కూడా హాయి. రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుక తవ్వి ఒక్కో తాబేలు వందకి అటూఇటూగా గుడ్లు పెట్టి, పైన ఇసుక కప్పి, తన పొట్టతో దబదబా అదిమి, వెనక్కి చూడకుండా సముద్రంలోకి పోతుంది. ఆ గుడ్డు తెల్లగా, గుండ్రంగా ఇంచుమించు గోల్ఫ్ బంతి అంతే ఉంటుంది. ఇసుకలో చెయ్యి పెట్టి "దొరికింది!" అని అరిచే ముందు ఒకసారి నొక్కి చూసుకోండి, మెత్తగా ఉంటే అది మీ బంతి కాదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. పైగా సాక్షాత్తూ కూర్మనాథుడు శ్రీకూర్మంలో కొలువై ఉన్న జిల్లా ఇది, కోర్టులో తప్పించుకున్నా ఆయన దగ్గర బెయిలు దొరకదు.

విజయనగరం వాళ్లు చిన్నబుచ్చుకోకూడదు. వాళ్లకి తీరం తక్కువే, పాతిక కిలోమీటర్ల పైచిలుకు, అయినా చింతపల్లి బీచ్ ఉంది, భోగాపురంలో విమానాశ్రయం ఉంది, అన్నిటికీ మించి ఆటల్లో వారసత్వం ఉంది. 1936లో భారత క్రికెట్ జట్టుని ఇంగ్లండు తీసుకెళ్లిన కెప్టెన్ విజ్జీ విజయనగరం రాజకుమారుడే కదా. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశారని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. గోల్ఫ్‌లో స్కోరు ఎంత తక్కువైతే అంత గొప్ప. పాపం, ఆయన ఎంచుకున్న ఆట తప్పు, అంతే.

ఇక పచ్చగడ్డి. గోల్ఫ్ కోర్సంటే గడ్డి, గడ్డంటే నీళ్లు, మన ఎండలకి రోజుకి లక్షల లీటర్లు. దీనికీ దారుంది. కిడ్నీలు పాడైపోతున్నాయని ఉద్దానం ఊళ్లకి హిరమండలం రిజర్వాయరు నుంచి 700 కోట్లు పెట్టి తాగునీటి పైపులేశారు. ఆ పైపు ఎలాగూ అటే పోతోంది, మధ్యలో ఒక చిన్న పాయ గడ్డికి తిప్పితే ఎవరికి నష్టం? జనానికి క్యాన్లు కొనుక్కోవడం అలవాటే, గడ్డికి ఆ అలవాటు లేదు. ఇలాంటి సూక్ష్మమైన విషయాలు డీపీఆర్, అంటే ప్రాజెక్టు నివేదిక, రాసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, వాళ్లకి ముందే తట్టి ఉంటుంది.

కర్రల సంచి మోసే కేడీలే దొరకరు. 1457లో స్కాట్లాండు పార్లమెంటు గోల్ఫ్‌ని నిషేధించింది, కుర్రాళ్లు విలువిద్య మానేసి దీని వెంట పడుతున్నారని. మనకి ఆ టెన్షన్ లేదు, కుర్రాళ్లే లేరు. ఇక్కడ హార్బర్లూ జెట్టీలూ సరిగా లేక సగం ఊరు గుజరాత్‌లో వేరావల్‌కి పోయి ఇంకొకళ్ల బోట్లలో వేటకెళ్తుంది. అలా వెళ్లినవాళ్లే 2018 నవంబరులో పాకిస్తాన్ చేతికి చిక్కారు, ఇళ్లకి చేరేసరికి 2020 జనవరి అయింది. జెట్టీ కడితే వాళ్లు వెనక్కొచ్చేస్తారు, వచ్చి తీరమంతా వలలు ఆరేస్తారు, ఇంక మనం ఎక్కడ ఆడతాం? అందుకని ముందు కోర్సు, తర్వాత జెట్టీ.

ప్లానులో ఈ భూములన్నీ "ఖాళీ" అనే రాసి ఉంటాయి. నెత్తళ్లు ఎండబెట్టే చోటు, సరుగుడు మొక్కలేసిన చోటు, తెప్పలు లాగిపెట్టే చోటు, శ్మశానం, అన్నీ ఖాళీయే. ఖాళీ కాబట్టి చుట్టూ పదడుగుల గోడ కట్టి గేటు దగ్గర సెక్యూరిటీని పెట్టాలి, లేకపోతే ఖాళీలోకి మనుషులు వచ్చేస్తారు.

ఇక్కడే నాకొక ఇబ్బంది వచ్చిపడింది. ఈ ఆటకి కాశీలాంటిది సెయింట్ ఆండ్రూస్, 1764లో అక్కడ 22 గుంతల్ని 18కి తగ్గించబట్టే ఇవాళ లోకమంతా పద్దెనిమిది. ఆ పాత కోర్సు చుట్టూ గోడ లేదట. అది ఊరిది. ఆదివారం ఆట మామూలుగా బంద్, ఊళ్లోవాళ్లు పిల్లల్నీ కుక్కల్నీ వెంటేసుకుని ఛాంపియన్లు ఆడిన గడ్డి మీదే షికారు తిరుగుతారు. 1797లో మున్సిపాలిటీ దివాలా తీసి ఆ భూమి అమ్ముకుంటే, కొన్నవాళ్లు దాంట్లో కుందేళ్లు పెంచారు, దాని మీద ఆటగాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. అంత గొప్ప కోర్సు చూడబోతే చివరికి ఒక ఊరి బంజరు.

కాబట్టి నా ప్రతిపాదనలో చిన్న సవరణ. మన కోర్సు సెయింట్ ఆండ్రూస్ స్థాయిలోనే ఉండాలి, అంతకు తగ్గితే జిల్లాకి అవమానం. గోడ కట్టకూడదు. ఆదివారం ఆడకూడదు. మన సౌకర్యం కోసం మిగతా ఆరు రోజుల్లో కూడా పొద్దున్న చేపలు ఎండబెట్టేదాకా, మధ్యాహ్నం వలలు తీసేదాకా, సాయంత్రం పిల్లలు క్రికెట్ అయిందనేదాకా ఆపాలి. మేకల విషయంలో అంతర్జాతీయ రూలు స్పష్టంగానే ఉంది: ఆగి ఉన్న బంతిని జంతువు కదిపితే ఆటగాడికి శిక్ష లేదు, ఉన్నచోటే పెట్టుకుని మళ్లీ ఆడుకోవచ్చు. బంతి వెళ్లి మేకకి తగిలితే ఎంత కట్టాలన్నది మాత్రం ఆ పుస్తకంలో నాకు కనబడలేదు. అది రామాలయం అరుగు మీద కూర్చుని తేలుస్తారు, చూలు మేకయితే రేటు వేరే.