పదిమంది లేని షాపులో ఒక పసివాడు

మొన్న ఒక సీమంతంలో నా పక్కన కూర్చున్నావిడ, గాజులు తొడిగించుకుంటూనే, "ఏంది మ్మా, పదినెలల బిడ్డని డేకేర్‌లో వేశారంట? మనసెట్లా ఒప్పింది?" అంది. ఈవిడే నాలుగు నెలల కిందట మా షాపుకొచ్చి, కౌంటర్ వెనకాల ఉయ్యాల చూసి, "మందుల వాసనలో పసిబిడ్డని పెట్టుకుంటారా ఎవరైనా?" అని బుగ్గలు నొక్కుకుంది. షాపులో ఉంచినా తప్పే, షాపులోంచి తీసినా తప్పే. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటే "అంత చదివించి ఏం లాభం" అనేదీ ఈవిడేనని నా గట్టి అనుమానం.

అక్కడ నవ్వి ఊరుకున్నా. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

నేను నెల్లూరులో, పొగతోట దగ్గర, ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో బిల్లింగ్, అకౌంట్లు చూస్తాను. ఓనర్ సార్ కాక ఎనిమిది మందిమి. నా కష్టమంతా ఆ ఎనిమిది దగ్గరే ఉంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ఒక షాపుకి వర్తించాలంటే అందులో కనీసం పదిమంది పనిచేస్తుండాల్సి వచ్చేది; 2025 నవంబరులో దాని బదులు వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే లెక్క. 2017లో ఆ పాత చట్టాన్ని సవరించి జీతంతో సెలవుని 12 వారాల నుంచి 26 వారాలు చేశారు. 50 మంది, ఆ పైన ఉన్నచోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే గది, ఉండాలన్నారు, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చన్నారు. చదువుతుంటే కడుపు నిండిపోతుంది. కానీ మా చుట్టుపక్కల సందుల్లో ఉన్న ల్యాబులు, కళ్లద్దాల షాపులు, మందుల షాపుల్లోకి తొంగి చూడండి. నలుగురు, ఐదుగురు, మహా అయితే ఏడుగురు. అందులో సగం పైన ఆడపిల్లలే. వీళ్లకి పిల్లలు పుట్టరనుకున్నారో ఏమో.

సార్ మంచాయన. అడక్కుండానే రెండు నెలలు జీతమిచ్చారు. మూడో నెల జీతం లేకుండా ఇంట్లో ఉన్నా. నాలుగో నెలలో "తెచ్చుకో అమ్మాయ్, ఇక్కడే పెరుగుతాడు" అన్నారు. ఆ మేలు మరిచిపోను. కాకపోతే, ఒకరి మంచితనం మీద నడిచే ఏర్పాటులో రోజూ వాళ్ల మొహం చూసుకుంటూ బతకాలి. వాడు ఏడ్చినప్పుడల్లా ముందు సార్ క్యాబిన్ వైపు చూసి, తర్వాత వాడి వైపు చూసేదాన్ని.

ఆరు నెలలు సెలైన్ బాటిళ్ల అట్టపెట్టెల మధ్య పెరిగాడు. మెడికల్ రెప్‌లు వచ్చి ఎత్తుకునేవాళ్లు. స్టాకు రూములో ఇన్సులిన్ ఫ్రిజ్ పక్కన స్టూలేసుకుని పాలిచ్చేదాన్ని. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కర్రుకర్రుమంటుంటే హాయిగా నిద్రపోయేవాడు, బిల్లులు అయిపోయి అది ఆగిందంటే లేచి కూర్చునేవాడు. నెలాఖరులో బాగా నిద్రపోయేవాడు, పాపం!

తర్వాత పాకడం నేర్చుకున్నాడు. ఒకరోజు చూస్తే నోట్లో టాబ్లెట్ల స్ట్రిప్పు. ఖాళీదే. కానీ ఖాళీదని తెలియడానికి అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషం గురించి రాయను. సాయంత్రం సార్ "ఇంక కష్టం అమ్మాయ్" అన్నారు. ఆయన అనకపోతే నేనే అనేదాన్ని.

"మా కాలంలో డేకేర్లున్నాయా, మేం పెంచలేదా?" అనేవాళ్లకి మా ఇంటి సంగతి చెబుతా. మా అమ్మది టంగుటూరు వైపు. పొగాకు ఫ్యాక్టరీలో గ్రేడింగ్‌కి పోయేది. గేటు బయట వేపచెట్టుకి చీర ఉయ్యాల కట్టి నన్ను పడుకోబెట్టేది. 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లలకి గది ఉండాలని అప్పటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. "గది లేకేం, ఉండేది. దాంట్లో గోతాలేసేవాళ్లు" అంటుంది అమ్మ. మధ్యాహ్నం పాలివ్వడానికొస్తే, చేతులెంత కడిగినా పొగాకు ఘాటు పోక నేను మొహం తిప్పేసుకునేదాన్నంట. మరి ఉయ్యాల ఊపిందెవరు? మా అక్క. దానికప్పుడు ఆరేళ్లు. ఆ ఏడాది బడికి పోలేదు.

సరే, డేకేర్ వెతుకులాట. ప్లేస్కూళ్లవాళ్లు "రెండేళ్లు నిండాక రండి" అన్నారు. ఒకచోట తీసుకుంటామన్నారు కానీ నాలుగింటికి తలుపులేస్తారట. నా పని ఏడున్నరకి అవుతుంది. ఇంకోచోట పన్నెండు మంది పిల్లలు, ఒక ఆయా, ఒక టీవీ. చెప్పులు విప్పకుండానే వెనక్కొచ్చేశా. అంగన్‌వాడీలో వాడి పేరుంది, సరుకులిస్తారు, కానీ కూర్చోబెట్టుకునేది మూడేళ్లు నిండినవాళ్లనే. అంగన్‌వాడీలోనే క్రెష్ కూడా నడపాలని కేంద్రం 2022లో మిషన్ శక్తి కింద పాల్నా అని ఒక పథకం తెచ్చింది. మా వీధి దాకా అది రాలేదు.

ఈ తిరుగుడంతా నాదే. మా ఆయనకి కృష్ణపట్నం వైపు షిఫ్టు డ్యూటీ. ఈ పది నెలల్లో "బిడ్డని ఎక్కడ వదిలొచ్చావు?" అని ఆయన్ని అడిగినవాళ్లు ఒక్కరు లేరు. నన్ను అడగనివాళ్లు లేరు. మొన్న ఒక్కరోజు ఆయన వాణ్ణి డేకేర్‌లో దింపితే, కింద పోర్షన్ అత్తమ్మ "ఎంత బాధ్యతో!" అని మురిసిపోయింది. నెలలో పాతికరోజులు దింపేది ఎవరత్తమ్మా?

చివరికి బాలాజీనగర్‌లో ఒక ఆంటీ దొరికింది. బోర్డు లేదు. ఇంట్లోనే ఐదుగురు పిల్లల్ని చూసుకుంటుంది. నా జీతం 13,000, ఆమెకి నెలకి 4,500. లెక్క చూసి మా అత్తయ్య "ఇంకేం మిగిలింది?" అంది. ఆ లెక్కలో సగం వాళ్లబ్బాయి జీతంలోంచి తీసి చూడమన్నా. మాట్లాడలేదు.

రెండోరోజు మధ్యాహ్నం ఆంటీ ఫోన్. "పాలు తాగాడు, ఆడుకున్నాడు, పడుకోమంటే పడుకోడే. మీ దగ్గర ఏం చేస్తే పడుకుంటాడు పాపా?"

ప్రింటర్ అని చెప్పడానికి సిగ్గేసింది. అయినా చెప్పా. ఆమె రెండు క్షణాలు ఏం మాట్లాడలేదు. తర్వాత ఫోన్‌లోనే కుట్టు మిషన్ చప్పుడు వినపడింది, గడగడగడమని. పది నిమిషాలకి "పడుకున్నాడు" అని మెసేజ్.

ఇప్పుడు ఆంటీ రోజూ ఒంటిగంటకి ఆ మిషన్ ఎక్కుతుంది. ఊరికే తొక్కడమెందుకని, నా జాకెట్లు కూడా అక్కడే ఇచ్చేస్తున్నా.