ఎంఫార్మ్ సరే, పాఠం చెప్పడం ఎవరు నేర్పారు?

ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించాలంటే డీఈడీ చదవాలి, టెట్ పాసవ్వాలి, ఆపైన డీఎస్సీ ఎప్పుడు పడుతుందా అని ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. రేపు మన చేతికి మందు అందించబోయే ఫార్మసిస్టుకు పాఠం చెప్పాలంటే మాత్రం ఎంఫార్మ్ (ఫార్మసీలో పీజీ) పట్టా ఉంటే చాలు. నిన్నటిదాకా ల్యాబ్‌లో థీసిస్ పని చేసుకున్న అమ్మాయి, సర్టిఫికెట్ చేతికి రాగానే అరవై మంది ముందు మార్కర్ పట్టుకుని నిలబడుతుంది. క్లాసు ఎలా మొదలుపెట్టాలి, అర్థం కాని పిల్లాణ్ని ఎలా గుర్తుపట్టాలి, ప్రశ్నపత్రం ఎలా తయారు చేయాలి, ఇవేవీ ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. తనకు చెప్పినవాళ్లు ఎలా చెప్పారో అలాగే చెప్పుకుపోతుంది. వాళ్లకూ ఎవరూ నేర్పలేదు మరి.

నాలుగేళ్ల బీఫార్మ్, రెండేళ్ల ఎంఫార్మ్, మొత్తం ఆరేళ్లకు ఫార్మసీ చదువులను నియంత్రించే ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పెట్టిన సిలబస్‌లో పాఠం చెప్పడం నేర్పే తప్పనిసరి పేపరు ఒక్కటీ లేదు. ఎంఫార్మ్ మూడో సెమిస్టర్‌లో రీసెర్చ్ మెథడాలజీ ఉంది, బయోస్టాటిస్టిక్స్ ఉంది, జర్నల్ క్లబ్ (పరిశోధన పత్రాలు చదివి చర్చించుకోవడం) ఉంది, అవి ఉండాల్సిందే. సెమినార్లూ ఉన్నాయి, కాకపోతే అవి ఎలా నడుస్తాయో చదివినవాళ్లందరికీ తెలుసు: నెట్‌లో దొరికిన స్లైడ్లు తెర మీద వేసి చదివేయడం, కిందున్నవాళ్లు ఫోన్లు చూసుకోవడం, సార్ ‘ఎనీ డౌట్స్?’ అనడం, అందరూ చప్పట్లు కొట్టడం. కొన్ని వర్సిటీల పీజీ ఆడిట్ కోర్సుల జాబితాలో ‘పెడగాజీ స్టడీస్’ అని ఒకటి కనపడుతుంది కానీ, మార్కులు లెక్కలోకి రాని పేపరును మన దగ్గర ఎంత సీరియస్‌గా తీసుకుంటారో వేరే చెప్పాలా? ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014లో తెచ్చిన అధ్యాపకుల అర్హతల నిబంధనలు కూడా ఏ డిగ్రీ, ఏ క్లాసు, ఎన్నేళ్ల అనుభవం అని లెక్కపెట్టేవే.

దీనివల్ల పోయేదేంటి అనుకునేవాళ్లు మొదటి ఏడాది ఫార్మాస్యూటిక్స్ ల్యాబ్‌కు వెళ్లి చూడాలి. అక్కడ సింపుల్ సిరప్ చేయిస్తారు. చక్కెర 66.7 శాతం, బరువు లెక్కన. ఆ అంకె సీనియర్ల రికార్డులో ఉంటుంది, జూనియర్లు చూసి రాసేస్తారు, లెక్చరర్ సంతకం పెట్టేస్తారు, 66.7 ఎందుకయ్యా అని ఎవరూ అడగరు. చక్కెర అంత గాఢంగా ఉంటేనే సూక్ష్మజీవులు బతకడానికి కావాల్సిన నీరు దొరకదు. తగ్గితే సిరప్ పులుస్తుంది, మరీ ఎక్కువైతే సీసా అడుగున పలుకులుగా పేరుకుంటుంది. సంక్రాంతికి అరిసెల పాకం ఎప్పుడు దించాలో మీ అమ్మ ఎలా చూస్తుంది అని అడిగి, ఆ కబురుతో పాఠం మొదలుపెడితే పది నిమిషాలు చాలు, ప్రిజర్వేటివ్ వేయకుండా సిరప్ ఎలా నిలవుంటుందో ఆ పిల్లాడు జన్మలో మర్చిపోడు. ఇలా అడగడం కొందరికి సహజంగానే వస్తుంది. మిగతావాళ్లకు నేర్పాలి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలున్న క్లాసులో ఎప్పుడు ఇంగ్లిష్ ఆపి తెలుగులోకి దిగాలో తెలియడం కూడా నేర్చుకోవాల్సిన పనే, దాన్ని నామోషీ అనుకుంటే పాఠం గోడకు చెప్పినట్టే.

అసలు ఎంతమంది ఈ వృత్తిలోకి ఇష్టపడి వస్తున్నారు? హైదరాబాద్ చుట్టూ ఇన్ని మందుల కంపెనీలుండగా క్యాంపస్‌లో వినపడే మాటలు ప్రొడక్షన్, క్యూసీ, క్యూఏ, రెగ్యులేటరీ, ఫార్మకోవిజిలెన్స్, అవీ కాకపోతే మెడికల్ కోడింగ్, లేదంటే అమెరికాలో ఎంఎస్. ఇవేవీ కుదరకపోతే ‘ప్రస్తుతానికి ఏదో ఒక కాలేజీలో చేరదాంలే’. వాళ్లను తప్పుపట్టలేం. జీప్యాట్ (ఎంఫార్మ్ ప్రవేశ పరీక్ష) పాసై ఎంఫార్మ్ చదివేటప్పుడు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వచ్చేది, లెక్చరర్‌గా చేరాక చాలా ప్రైవేటు కాలేజీల్లో మొదటి జీతం దానికి రెట్టింపు కూడా ఉండదు, అదీ నెలనెలా వస్తే. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని జీతాలు ఆపుతారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేస్తారు, ఎండాకాలం వచ్చిందంటే అడ్మిషన్ల కోసం ఊళ్లమ్మట తిప్పుతారు. ఇంటర్ పాసైన పిల్లల ఇళ్లకు వెళ్లి మా కాలేజీలో చేరండి అని బతిమాలిన మనిషి, జులైలో అదే పిల్లల ముందు నిలబడి ఏ ముఖంతో క్రమశిక్షణ చెప్పగలడు?

కొత్త కాలేజీలు మాత్రం ఆగడం లేదు. 2019లో ఫార్మసీ కౌన్సిల్ ఐదేళ్ల పాటు కొత్తవి వద్దని తీర్మానించింది, కాలేజీ పెట్టుకునే హక్కును చట్టంతో తప్ప తీర్మానంతో ఆపలేరని 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చేసింది. చట్టం ప్రకారం అది సరే. కానీ వాటిలో పాఠాలు చెప్పేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? తనిఖీ రోజు మాత్రమే కనపడే ‘ఇన్‌స్పెక్షన్ ఫ్యాకల్టీ’ సంగతి ఊరందరికీ తెలిసిందే. అనుమతుల్లో లంచాల ఆరోపణల మీద కౌన్సిల్ అధ్యక్షుడిపైనే 2025లో సీబీఐ కేసు పెట్టింది, ఇక కింది సంగతి ఏం మాట్లాడతాం.

మేమనేది ఒక్కటే, పాఠం చెప్పే ఈ తయారీ బీఫార్మ్‌లోనే మొదలవ్వాలి. దీనికి కొత్త సబ్జెక్టు కూడా అక్కర్లేదు. ఏడో సెమిస్టర్‌లో ప్రాక్టీస్ స్కూల్ అని, ఒక విభాగం ఎంచుకుని పని నేర్చుకోవడానికి 150 గంటలు ఇప్పటికే ఉన్నాయి, చాలాచోట్ల అవి ఒక రిపోర్టు బైండింగ్‌తో ముగిసిపోతున్నాయి. అందులో బోధనను కూడా ఒక విభాగంగా పెట్టండి. ఇష్టమున్నవాళ్లు మొదటి ఏడాది వాళ్లకు రెండు మూడు ప్రాక్టికల్స్ తయారు చేసి చేయించాలి, ఒక చిన్న పరీక్ష పేపరు రాయాలి, సీనియర్ లెక్చరర్ పక్కన కూర్చుని దిద్దాలి. అమెరికాలో ఫార్మ్‌డీ (రోగుల దగ్గర పనిచేసే ఫార్మసిస్టులను తయారుచేసే కోర్సు) చివరి ఏడాది పిల్లలు ఆసుపత్రి రొటేషన్లతో పాటు కావాలంటే ఫార్మసీ కాలేజీలోనే ఒక రొటేషన్ చేయొచ్చు, ప్రొఫెసర్ దగ్గరుండి పాఠం, ప్రశ్నలు, వాల్యుయేషన్ నేర్చుకుంటారు. మన దగ్గరా 2008 నుంచి ఫార్మ్‌డీ ఉంది. వార్డులో రోగి మంచం పక్కన నిలబడి, చదువు రాని పెద్దాయనకు ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో చేసి చూపించగలిగినవాళ్లు మంచి అధ్యాపకులు ఎందుకు కాలేరు?

ఎంఫార్మ్‌లో దీన్ని మార్కులున్న పేపరు చేయాలి. పీహెచ్‌డీ వాళ్ల విషయంలో యూజీసీ 2022 నిబంధనలు ఇప్పటికే చెబుతున్నాయి, ఏ సబ్జెక్టు స్కాలర్ అయినా బోధనలో శిక్షణ పొందాలని, వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు ట్యుటోరియల్, ల్యాబ్ పని అప్పగించొచ్చని. అలాగని గైడ్ గారు ఊరెళ్లినప్పుడు ఆయన క్లాసు నెట్టడం శిక్షణ కాదు. పక్కన ఒకరు కూర్చుని చూడాలి, అయ్యాక ఎక్కడ తడబడ్డావో చెప్పాలి, ఆ గంటలకు డబ్బూ ఇవ్వాలి.

మాకు ఉన్న స్టాఫే చాలడం లేదు, ఇవన్నీ ఎవరు చూస్తారు అని యాజమాన్యాలు అంటాయి. వర్సిటీలూ అదే అనొచ్చు, ఏళ్లుగా ఖాళీలు నింపకుండా కాంట్రాక్టు, పార్ట్‌టైం వాళ్లతో నెట్టుకొస్తున్నది అవే కాబట్టి. పోస్టులు నింపడం ప్రభుత్వాల పని, అది అడుగుతూనే ఉంటాం. ఈలోగా వర్సిటీలు రూపాయి ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. కాలేజీలకు గుర్తింపు ఇచ్చే అఫిలియేషన్ కమిటీలు ఈసారి కాలేజీలకు వెళ్లినప్పుడు ఫైళ్లు, పరికరాల బిల్లులు చూడటంతో సరిపెట్టకుండా, కొత్తగా చేరిన లెక్చరర్ క్లాసులో ముందుగా చెప్పకుండా వెళ్లి గంటసేపు చివరి బెంచీలో కూర్చోవాలి, ఆ లెక్చరర్‌కు ఈ కాలేజీ ఏం నేర్పింది, జీతం ఏ తారీఖున ఇచ్చింది అని అడిగి ఆ రెండూ రిపోర్టులో రాయాలి.