తల్లి తన్నేసిన గొర్రెపిల్ల కథ: ఫార్వర్డ్ చేసేముందు ఒక్క మాట

అమెరికాలో ఏళ్లుగా ఇంగ్లీషులో తిరుగుతున్న కథ ఇది, ఇప్పుడు వాట్సాప్‌లో మన గ్రూపుల్లోకీ వస్తోంది. కొన్ని తల్లి గొర్రెలు తమ పిల్లను వద్దనుకుంటాయట. ఒకసారి వద్దన్నాక ఇక మనసు మార్చుకోవు, దగ్గరికొస్తే తన్నేస్తాయి. మనసు విరిగిన ఆ పిల్ల తల వేలాడేస్తుంది. దాన్నే ‘బమ్మర్ ల్యాంబ్’ అంటారట. కాపరి దాన్ని ఇంటికి తెచ్చి, దుప్పటి చుట్టి, మంట దగ్గర ఉంచి, తన గుండె చప్పుడు వినపడేలా హత్తుకుని, చేత్తో పాలు పట్టి బతికిస్తాడు. మళ్లీ మందలో వదిలాక ఆయన పిలిస్తే అన్నిటికన్నా ముందు ఉరికొచ్చేది అదే. ఆ కాపరి దేవుడు, ఆ పిల్ల మనమే అని ముగింపు. కింద కన్నీళ్ల ఎమోజీలు, ఆమెన్‌లు.

ఎవరి భక్తి జోలికీ నేను పోవడం లేదు. గొర్రెల గురించి చెప్పిన సంగతులే తప్పు. వాటిలో ఒకటి నమ్మి పాటిస్తే పిల్ల చచ్చిపోయే ప్రమాదం కూడా ఉంది.

ముందు పేరు సంగతి. బమ్మర్ అంటే తల్లి కాదన్న పిల్ల అని అర్థం లేదు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల గొర్రెల పెంపకందార్లకు సీసా పాల మీద పెరిగే ఏ పిల్లయినా బమ్మరే. తల్లి చనిపోయినదీ, ఒకే ఈతలో మూడు పుట్టి పాలు చాలనిదీ, తల్లికి పొదుగువాపు వచ్చినదీ అన్నీ అందులోకే వస్తాయి. ఒళ్లొంచకుండా ఇతరుల మీద పడి తినేవాణ్ణి బమ్మర్ అనడం అక్కడ 19వ శతాబ్దం నుంచీ ఉన్నదే. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో జార్జియా రాష్ట్రం మీదుగా నడిచిన ఉత్తరాది జనరల్ షెర్మన్ సైన్యంలో ఊళ్లమీద పడి తిండి ఎత్తుకొచ్చే సిపాయిలనూ అలాగే పిలిచారు. ఆకలేసిన పిల్ల కూడా కనపడ్డ ప్రతి గొర్రె వెనకా దూరి ఓ గుక్క కొట్టేయాలని చూస్తుంది, అంతే. ‘అయ్యో, ఎంత నిరాశ’ అనే అర్థం 1960లలో వచ్చి చేరింది. ఆస్ట్రేలియాలో ఇలాంటి దూడనో గొర్రెపిల్లనో ‘పాడీ’ అంటారు, బ్రిటన్‌లో గొర్రెపిల్లను ‘కేడ్ ల్యాంబ్’ అంటారు. ఆ మాటల్లోనూ తల్లి మీద నేరమేమీ లేదు.

ఇక ‘ఒకసారి వద్దంటే అంతే’ అన్నది. గొర్రెకు ఉండేవి రెండే చన్నులు, మూడు పుడితే ఒకదానికి పాలు చాలవు. ఈనగానే ఉమ్మనీటి తడితో ఉన్న పిల్లను నాకుతూ, మొదటి కొన్ని గంటల్లోనే దాని వాసన పట్టేస్తుంది. సరిగ్గా ఆ వేళలో ఎవరైనా పిల్లను విడదీసినా, తొలిచూలు గొర్రె బెదిరిపోయినా ఆ ముడి పడదు. పొదుగు నొప్పితో ఉన్న గొర్రె పిల్ల నోరు తగలగానే కాలు విసురుతుంది. దాన్ని ద్వేషం అంటే ఎలా?

పైగా కాదన్న పిల్లను మళ్లీ చేర్పించడం పెంపకందార్లకు ప్రతి ఈతల కాలంలోనూ ఉండే పనే. తల్లి మెడను చట్రంలో నిలిపి కొన్ని రోజులు పాలు తాగనిస్తే చాలా గొర్రెలు ఒప్పుకుంటాయి. వేరే తల్లికి అంటగట్టాలంటే, అప్పుడే ఈనుతున్న గొర్రె ఉమ్మనీటితో పిల్లను తడిపి ముందు పెడతారు. పిల్ల చచ్చిన గొర్రె ఉంటే, ఆ చచ్చినదాని తోలు వొలిచి అనాథ పిల్లకు చొక్కాలా తొడుగుతారు. తోక దగ్గర వాసన చూసి తల్లి ఊరుకుంటుంది, ఒకట్రెండు రోజులయ్యాక తోలు తీసేస్తారు. చనిపోయిన దూడ తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టి పాలు పితకడం తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనపడదు. అన్నిసార్లూ పారుతుందని కాదు. కానీ ‘ఎన్నటికీ మారదు’ అన్నది మాత్రం అబద్ధం.

అసలు ప్రమాదం తల వేలాడేయడం దగ్గరుంది. అది మనసు విరగడం కాదు, ఆకలి, చలి. గొర్రెపిల్ల మామూలు ఒంటి వేడి 39-40 డిగ్రీల సెల్సియస్. 37 కంటే దిగితే ప్రాణం మీదికొచ్చినట్టే. పుట్టి 5 గంటలు దాటినా పాలు తాగని పిల్ల ఒంట్లో కొవ్వు నిల్వ అయిపోయి, రక్తంలో గ్లూకోజు అడుగంటి ఉంటుంది. దాన్ని కథలోలాగా నేరుగా మంట దగ్గర పెడితే ఒళ్లు వేడెక్కేలోపే మెదడుకు చక్కెర అందక ఫిట్స్ వచ్చి చచ్చిపోవచ్చు. అందుకే ముందు గ్లూకోజు ఇంజెక్షన్, ఆ తర్వాతే వేడి. తల నిలపలేని పిల్ల నోట్లో సీసా పెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అది తేరుకున్నాక గొట్టంతో కడుపులోకే పోస్తారు. అప్పుడు కావాల్సింది ముర్రుపాలు: మొదటి కొన్ని గంటల్లో కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు, అంటే 4 కిలోల పిల్లకు 200. ఇవేవీ కథలో లేవు, దుప్పటి ఒక్కటే ఉంది.

గుండె చప్పుడు వినిపించడం ఫొటోకు బాగుంటుంది. పెద్ద మందలున్నచోట మాత్రం బకెట్‌కు వరసగా రబ్బరు చన్నులు బిగించి పాలపొడి కలిపి పోస్తారు, లేదా పిల్లల్ని చవగ్గా అమ్మేస్తారు. ఒడిలో పెంచిన గొర్రెపిల్లే కావాలంటే బైబిల్లోనే ఉంది, 2 సమూయేలు 12లో నాతాను ప్రవక్త దావీదు రాజుకు చెప్పిన కథలో. అక్కడ పేదవాడి గొర్రెపిల్ల ఆయన గిన్నెలోదే తాగుతుంది, కూతురిలా పెరుగుతుంది. దాని తల్లి తన్నిందని ఎక్కడా లేదు.

చివరిది, ముందుగా పరుగెత్తుకు రావడం. వస్తుంది, నిజమే. మనిషి కనపడితే పాలొస్తాయని నేర్చుకుంది మరి. గొర్రెకు జ్ఞాపకం లేదనడం లేదు. కేంబ్రిడ్జ్ దగ్గరి బాబ్రహం ఇన్‌స్టిట్యూట్‌లో శాస్త్రవేత్త కీత్ కెండ్రిక్ బృందం చేసిన పరిశోధన 2001లో ‘నేచర్’ అనే సైన్సు పత్రికలో వచ్చింది. 50 గొర్రెల మొహాలను అవి రెండేళ్లకు పైగా గుర్తుపెట్టుకున్నాయి. ఆ శక్తి తల్లి దగ్గర పెరిగినవాటికీ ఉంది, సీసా పాలవాటి సొత్తేమీ కాదు.

కథ చెప్పని సంగతి ఇంకొకటి. ముద్దుగా పెంచిన ఆ పిల్ల మగదైతే పెద్దయ్యాక మనిషంటే బెదురుండదు, మనిషిని కూడా ఇంకో పొట్టేలే అనుకుంటుంది. వెనక్కి తిరిగి నడుస్తుంటే వచ్చి కుమ్ముతుంది, ఎముకలు విరిగేంత గట్టిగా. సీసా పాలతో పొట్టేలు పిల్లను పెంచుతుంటే నుదురు రుద్ది ఆడించకండి, సంతతికి అక్కర్లేకపోతే చిన్నప్పుడే విత్తులు కొట్టించేయండి.