కూడలిలో ఒంటికొమ్ము జింక

మా కాలనీ కూడలిలో రెండు నిలువుల ఎత్తున్న ఫైబర్ చుక్కల జింక లేకపోతే, హైదరాబాద్‌లో ఏ ఆటో డ్రైవరుకైనా, భోజనం తెచ్చే కుర్రవాడికైనా మా ఇంటి దారి చెప్పడం గగనమే; అయినా దాని ఆలనాపాలనా చూసే నాథుడు లేడు. 2014లో రాష్ట్ర జంతువుగా ప్రకటించిన ప్రాణి ప్రతిమ ఒంటికొమ్ముతో, కాళ్ల నిండా టులెట్ కాగితాలతో, కోచింగ్ పోస్టర్లతో నిలబడటం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అడవిలోని మగ జింకకు రాలిన కొమ్ము మళ్లీ మొలుస్తుంది కానీ, దీనికి గుత్తేదారు దయ తలిస్తే తప్ప మొలవదు.

ఎండకు పైపూత పెళుసెక్కి పగుళ్లుబారి, ఆ పగుళ్లలోంచి దిగిన వాన నీటికి లోపలి ఇనుప చట్రం తుప్పు పట్టి, ఎర్రటి చారలు డొక్క మీదుగా కారుతున్నా, జరిగే మరమ్మతు ఒక్కటే: పైన ఇంకో పూత రంగు. నిరుడు వేసిన రంగులో చుక్కలు కూడా కలిసిపోయాయి. ఇప్పుడు కొత్తగా వచ్చే చుట్టాలు "మేక బొమ్మ దగ్గరున్నాం" అని ఫోన్ చేస్తున్నారు. దిమ్మె చుట్టూ చెత్త సంచులు, మలుపులో ఎదురొచ్చే వాహనం కనిపించకుండా నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు. కనీసం అవైనా తీయించమని అడిగితే, ఒక కార్యాలయం వారు మరో కార్యాలయానికి వెళ్లమంటున్నారు.