సవరణ: బ్లూబెర్రీకి మట్టి పీహెచ్ 6.5 కాదు

బ్లూబెర్రీ మొక్కకు మట్టి పీహెచ్ (ఆమ్లతను చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) 6.5 ఉంటే సరిపోతుందని ముందు రాశాం. అది తప్పు, క్షమించండి. 4.5 నుంచి 5.5 మధ్యే ఉండాలి. అంతకు మించితే మట్టిలో ఇనుమున్నా వేర్లకు అందదు. లేత ఆకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగానే మిగులుతాయి. అది చూసి ఎరువు పెంచకండి, పైపైనే పాకే ఆ సన్నటి వేర్లు మాడిపోతాయి. పీహెచ్ తగ్గడానికి మట్టిలో గంధకం పొడి కలపాలి, అదీ నాటడానికి కనీసం ఆరు నెలల ముందే. గంధకాన్ని ఆమ్లంగా మార్చేది మట్టిలోని బ్యాక్టీరియా. వాటికి తేమ, వెచ్చదనం, సమయం కావాలి. నత్రజనికి నైట్రేట్ ఎరువులు వద్దు, అమ్మోనియం సల్ఫేట్ వాడండి.

బ్లూబెర్రీలో నారింజకంటే విటమిన్ సి ఎక్కువన్న మాటా సరికాదు. 100 గ్రాముల బ్లూబెర్రీలో ఉండేది సుమారు 10 మిల్లీగ్రాములే, నారింజలో 50 దాకా ఉంటుంది. బ్లూబెర్రీలో విశేషమంతా తొక్కకు నీలిరంగునిచ్చే ఆంథోసయనిన్లది.